మేక ముట్టని కంచె

తొలకరి పడగానే అడ్డసరం కొమ్మలు నరికి గట్టు వెంట పాతుకుంటూ పోవడం నాకు ఇష్టమైన పని. కొమ్మ ముదిరినదై ఉండాలి, లేతదైతే కుళ్లిపోతుంది. జానెడు ముక్కకు మూడు నాలుగు కణుపులు ఉంటే చాలు. రెండు మట్టిలో, మిగిలినవి పైన. ఒకసారి వేరు పట్టిందంటే నరికినకొద్దీ గుబురుగా చిగురిస్తుంది.

ముల్లే లేని మొక్క చేనుకు కాపలా ఏం కాస్తుందని కొత్తగా పొలం కొన్నవాళ్లు అడుగుతుంటారు. దాని బలమంతా ఆకులో ఉంది. వాసిసిన్, దానితోపాటు మరికొన్ని ఆల్కలాయిడ్లు ఆకును చేదెక్కిస్తాయి. నలిపితే వెగటు వాసన. తుమ్మకొమ్మను కూడా వదలని మేక దీన్ని మూతితో తాకి పక్కకు జరుగుతుంది. అందుకే మందలు తిరిగే బీళ్లలో, బాటల పక్కన మిగతా పొదలు మోడైపోయినా అడ్డసరం పచ్చగా నిలబడుతుంది.

మేకను తరిమే ఆ వాసిసినే మన దగ్గుకు మందైంది. 1888లో హూపర్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని ఆకు నుంచి వేరు చేశాడు. తర్వాతి కాలంలో దాని నమూనా మీదే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. అది ఒంట్లో మారితే వచ్చేది ఆంబ్రాక్సాల్. కఫం పలచబడటానికి మందుల షాపులో ఇచ్చే సిరప్పు సీసా తిప్పి చూడండి, ఈ రెండు పేర్లలో ఒకటి తరచూ కనబడుతుంది. ఇళ్లలో ఆకురసం తేనెతో కలిపి ఇవ్వడం ఎప్పటినుంచో ఉన్నదే. అయితే వాసిసిన్‌కు గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం ఉంది. గర్భిణులకు ఈ రసం ఇవ్వనే కూడదు.

చలికాలంలో తెల్లటి పూలు విచ్చుకుంటాయి, లోపల ఊదా గీతలతో. అప్పుడు కంచె పొడవునా తేనెటీగల సందడి చూడాలి!

ఇప్పుడు ఎక్కడ చూసినా కడీలు, ముళ్లతీగ. వాటికోసం ఏళ్లనాటి అడ్డసరాన్ని వేళ్లతో పెకలిస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ముళ్లతీగ తుప్పు పడుతుంది, తేనెటీగకు చుక్క తేనె ఇవ్వదు, వరిమడికి గుప్పెడు పచ్చిరొట్ట ఇవ్వదు.

ఈ తొలకరికి కంచె వేయబోతున్న రైతులకు నా మనవి ఒకటే: ముళ్లతీగ తప్పదనుకుంటే వేసుకోండి, దాని వెంట ఒక వరుస అడ్డసరం కూడా పాతండి. కొమ్మలకు డబ్బు పెట్టక్కర్లేదు, పక్క చేను వాళ్లను అడిగితే ఇస్తారు.