కోతకు గుర్తు ఎక్కడ?

నేనూ, నా దగ్గర చదువుకున్న ఇద్దరు అమ్మాయిలూ కలిసి హనుమకొండలో ఒక పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాం. పాలకుర్తి వైపు ఊళ్లలో వయసు మళ్ళిన స్త్రీలతో మాట్లాడి, ఒక్కొక్కరి జీవితాన్ని ఇరవై నిమిషాలకు కుదించి వినిపించాలని మా ఆలోచన. మొదటి అవ్వ దగ్గర రెండు గంటలు రికార్డు చేశాం. నాలుగు రాత్రులు కూర్చుని ఎడిట్ చేశాను. బాగా వచ్చిందని నాకు నేనే మురిసిపోయాను. ముందు ఆమెకే వినిపించాం. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా విని, "గొంతు నాదే బిడ్డా. ముచ్చటే నేను జెప్పినట్టు లేదు" అంది.

అందులో ఒక్క మాట కూడా నేను చేర్చింది కాదు. మరి ఏం పోయింది? రెండు రికార్డింగులూ పక్కపక్కన పెట్టుకుని విన్నాను.

మొదట "ఇగ", "మల్ల", "గదే" పోయాయి. ఊతపదాలనుకుని ఏరిపారేశాను. కానీ మా వైపు మాటల్లో "ఇగ" అంటే చెప్పేమనిషి ఒక సంగతి ముగించి ఇంకో సంగతిలోకి అడుగు పెడుతోందని అర్థం. "మల్ల" అంటే ఎదుటివాళ్ళను ఊకొట్టమని అడగడం. అవి తీసేశాక మిగిలింది ఎవరితోనూ మాట్లాడని గొంతు.

తర్వాత మౌనం పోయింది. ఆడాసిటీలో నిశ్శబ్దాలన్నిటినీ ఒకేసారి కుదించే ఏర్పాటుంది. అర సెకను దాటిన ప్రతి విరామాన్నీ అర సెకనుకు తెచ్చేశాను. "భూమి ఎవరి పేరు మీద ఉందవ్వా?" అని మేం అడిగిన చోట ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. వాకిట్లో కోడి అరుపు కూడా వినిపిస్తుంది. ఆ తర్వాతే "పెద్దోని పేరు మీద" అంది. నా ఎడిట్‌లో ఆ జవాబు టక్కున వచ్చింది, అడగడానికేముంది, అది సహజమే కదా అన్నట్టు. యాభై ఏళ్లు ఆ చెలకలో నాట్లు వేసి, కలుపు తీసిన మనిషి జవాబు ఆ మౌనంలో ఉంది. ఊరి పేరు రాయొద్దనీ, ఈ సంగతి మాత్రం రాయమనీ ఆమే చెప్పింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఈ సమస్య మనకు కొత్త కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చినప్పుడు దాని వెనక ఉన్నవి కూడా టేపులే. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పుకున్న మాటల్ని విని, రాసి, అమర్చి పుస్తకం చేశారు. ఐలమ్మ, కమలమ్మ, సాలమ్మ, స్వరాజ్యం అందులో తమ మాటల్లోనే కనిపిస్తారు. వాళ్ళ భాషను పత్రికల భాషలోకి దిద్దకపోవడం ఆ పుస్తకం చేసిన పెద్ద పని. 1951లో పోరాట విరమణ తర్వాత ఇళ్ళకు తిరిగి రావలసి వచ్చిన స్త్రీల నిరాశ, పోరాట విజయాల లెక్కలో ఇమడక, ఆ భాషలోనే బతికింది. పాలకుర్తి ఐలమ్మ 1985లో చనిపోయింది. 2024లో హైదరాబాద్‌లోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. విగ్రహాలూ వచ్చాయి. విగ్రహం నత్తి పడదు, తడబడదు, చెప్పిందే మళ్ళీ చెప్పదు. మనిషిని పూర్తిగా ఎడిట్ చేస్తే మిగిలేది అదే.

కిలాషాపురం దూదాల సాలమ్మ కథనాన్ని సూసీ తారూ, కె. లలిత తమ "విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా" రెండో సంపుటంలో (1993) చేర్చారు. నోటితో చెప్పిన మనిషిని రచయిత్రుల వరసలో కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు. కానీ టేపు నుంచి కాగితానికి, తెలుగు నుంచి ఇంగ్లిషుకు వెళ్ళేసరికి ఆమె ఊపిరి తీసిన చోట్లు ఎన్ని మిగిలి ఉంటాయి?

పాడ్‌కాస్ట్ ఆ ఊపిరిని తిరిగి ఇస్తుందని నమ్మాం. నిజమే, ఇవ్వగలదు. అయితే అచ్చుకు లేని ప్రమాదం దీనికి ఉంది. కాగితం మీద మాట వదిలేస్తే మూడు చుక్కలు పెడతాం, పాఠకురాలికి అనుమానం వస్తుంది. శబ్దంలో ఆ చుక్కలు లేవు. కోసిన చోట అదే గదిలో రికార్డు చేసుకున్న ఖాళీ సవ్వడిని అతికిస్తే అతుకు తెలియదు. అతుకు ఎంత బాగా కుదిరితే మనకు అంత మెప్పు. శ్రోత మాత్రం, విన్నది సొంత గొంతే కాబట్టి, విన్నదంతా ఆమె చెప్పిన తీరే అనుకుంటుంది.

అలాగని కోయకుండా వదిలేసిన రెండు గంటలూ అసలు గొంతు అనలేను. మైకు చూడగానే ఆమె కొంగు సర్దుకుంది. కొడుకు వాకిట్లోకి వచ్చినప్పుడు మాట మార్చింది. స్త్రీలు మాట్లాడే ముందే తమను తాము కోసుకుంటారు. అది మనందరికీ తెలుసు. కాబట్టి ప్రశ్న కోయాలా వద్దా అని కాదు. ఎవరు కోస్తున్నారు, ఎవరి చెవి కోసం?

జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 అక్టోబర్ 15న మొదలైన సంఘం రేడియోలో దళిత స్త్రీలే రికార్డు చేశారు, వాళ్ళే ఎడిట్ చేశారు, తమ మాటనే ప్రసార భాష చేశారు. చెప్పే మనిషీ వినే మనిషీ ఒకే భాషలో ఉన్నప్పుడు "ఇగ" తీసేయాలని ఎవరికి తోస్తుంది? నాకు తోచింది. ఎందుకంటే నేను హైదరాబాదు చెవుల కోసం కోశాను. పుట్టింది ఇక్కడే అయినా, చదువు నా చెవిని ముందే ఎడిట్ చేసింది.

మళ్ళీ కూర్చున్నాం. మా ప్రశ్నల్ని మా గొంతుల్లోనే ఉంచాం. పెద్ద భాగం తీసేసిన ప్రతిచోటా "ఇక్కడ కొంత వదిలేశాం" అని పైకే చెప్పాం. భూమి దగ్గర మౌనాన్ని ముట్టుకోలేదు. ఇరవై నిమిషాలు ముప్పై నాలుగయ్యాయి. తిరిగి వెళ్ళి వినిపించాం. ఈసారి ఆమె మధ్యలో రెండుసార్లు ఊకొట్టింది. అంతా అయ్యాక ఒక చోట వేలు పెట్టి ఆపించి, "గీ మాట తియ్యి" అంది. నాకు అన్నిటికంటే నచ్చిన మాట అది. బతిమాలాలనిపించింది. నోరు మూసుకుని ఆమె ముందే తీసేశాను. ఆ చోట కూడా, మిగతా చోట్లలాగే, గుర్తు పెట్టాం. అయితే ఇక్కడ "వదిలేశాం" అనలేదు. "అవ్వ తీసేయమంది" అన్నాం.