అట్లదొంతర

అభ్రకపు పలకను గోటితో గిల్లి, పొరలు పొరలుగా విప్పి, ఎండకు పట్టి మురియుట గూడూరు ప్రాంతమున పెరిగినవానికి చిన్ననాటి యాట. ఆ యాటయే ప్రయోగశాలలో, జిగురుటేపు సాయమున, బిస్మత్తు, స్ట్రాన్షియము, కాల్షియము, రాగి, ఆక్సిజనులు కూడిన నల్లని స్ఫటికముపై నాకు విద్యగా మారునని నే నెన్నడును తలపలేదు. టేపు నంటించి, ఊపిరి బిగబట్టి, మెల్లగా లాగవలెను. అంతట స్ఫటికము బిస్మత్తు పొరల నడుమ చీలి, అద్దమువంటి ముఖమును చూపును. తొందరపడినవానికి పొట్టు మిగులును.

దాదాపు 90 కెల్విన్ దిగువ నీ స్ఫటికము అతివాహకమగును. అయితే అతివాహకత యంతయు రాగి-ఆక్సిజను జంటపొరలలోనే కాపురముండును. జంటకు జంటకు నెడము సుమారు 15 ఆంగ్‌స్ట్రాములు. అయస్కాంత క్షేత్రము ఇట్టి పదార్థములలోనికి సన్నని సుళ్లుగా చొచ్చునని, ఒక్కొక్క సుడి ఒకే కొలత యభివాహమును మోయునని 1957లో అబ్రికోసోవ్ చెప్పెను. పొరల స్ఫటికములో నా సుడి దారమువలె నిలువక, పొరకొక బిళ్లగా తెగి, ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. 1991లో జాన్ క్లెమ్ వాటికి పాశ్చాత్యుల పలహారము పేరు పెట్టెను. మన యింట నైనచో అవి అట్లే. అట్టునకు అట్టునకు పట్టు బలహీనము గనుక, కొంచెము వేడి సోకినంతనే దొంతర చెదరును, అట్లు జారును, నిరోధము తల యెత్తును. క్షేత్రమును పొరలకు సమాంతరముగా త్రిప్పినచో మాత్రము అట్లకు పని లేదు. అభివాహము పొరల సందులలో జోసెఫ్‌సన్ సుళ్లుగా పవళించును.

ఈ రెండవ స్థితినే చూడగోరి, 77 కెల్విన్ చెంత, 5 టెస్లాల క్షేత్రమున, స్ఫటికమును కంటియంచనాతో సమాంతరముగా నిలిపి, గడిలో కోణము సున్నయని వ్రాసికొంటిని. నిరోధము తగ్గదు. మూడు దినములు వెండిపూతను, తీగెలను, చివరకు వోల్టుమీటరును నిందించితిని, పాపము! తప్పు ఒక్క డిగ్రీ. 5 టెస్లాలలో ఆ డిగ్రీ పొరలకు నిలువుగా తెచ్చిన పాలు 0.087 టెస్లా, లెక్క కట్టగా ప్రతి పొరలోను, చదరపు మిల్లీమీటరునకు, సుమారు 4 కోట్ల 20 లక్షల అట్లు.

క్రయోస్టాటును వేడెక్కనిచ్చి, స్ఫటికమును దింపి, ఆ గడిలోని సున్నను కొట్టివైచి ఒకటి వేసితిని.