చూసింది రాయడం: ప్రయోగశాల నివేదికపై ఒక విమర్శ



అధ్యయన కేంద్రంలో ప్రాక్టికల్స్ ముగిశాక సమర్పించే రికార్డును మీలో చాలామంది మార్కుల కోసం పూర్తి చేయవలసిన లాంఛనంగానే భావిస్తారు. ఉద్దేశం, పరికరాలు, సూత్రం, విధానం, పట్టిక, ఫలితం, జాగ్రత్తలు అనే శీర్షికలన్నీ అందులో ఉంటాయి. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. కాని ఆ రోజు ఆ గదిలో నిజంగా ఏం జరిగిందో చదివినవారికి తెలియదు. ఈ లోపం ఎలా వస్తుందో, మంచి నివేదిక దానిని ఎలా తప్పించుకుంటుందో రెండు ఉదాహరణలతో పరిశీలిద్దాం. ఒకటి మన ప్రయోగశాలల్లోనిది, రెండవది భౌతికశాస్త్ర చరిత్రలోనిది.

1. ఉక్కు కడ్డీ చెప్పిన విషయం

చాలా ఏళ్ల క్రితం ఒక ఇంజనీరింగ్ కళాశాలకు బయటి పరీక్షకుడిగా వెళ్లాను. ప్రయోగం మెత్తని ఉక్కు కడ్డీపై తన్యతా పరీక్ష. కడ్డీ వ్యాసం 12 మిల్లీమీటర్లు, యంత్రం దవడల మధ్య పొడవు 200 మిల్లీమీటర్లు. కడ్డీని లాగుతూ, ఎంత భారానికి ఎంత సాగిందో కొలిచి, యంగ్ గుణకం లెక్కకట్టాలి. ఉక్కుకు అది చదరపు మిల్లీమీటరుకు సుమారు 2 లక్షల న్యూటన్లని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి.

ఆ బృందంలో దాదాపు అందరి రికార్డుల్లోనూ 2 లక్షలకు అటూ ఇటూగా విలువలు ఉన్నాయి. ఒక్క విద్యార్థి మాత్రం సుమారు 60 వేలు అని రాశాడు. వైవాలో అడిగితే, "మాకు వచ్చింది ఇదే సార్" అన్నాడు. ప్రయోగం సరిగా చేయలేదని మార్కులు తగ్గించాను.

మార్కుల పట్టిక అప్పగించాక ఆ రికార్డు నన్ను వదల్లేదు. అతని పట్టికను గుర్తుచేసుకున్నాను. 20 వేల న్యూటన్ల భారానికి సాగుదల 0.59 మిల్లీమీటర్లు. కడ్డీ అడ్డుకోత వైశాల్యం 113 చదరపు మిల్లీమీటర్లు కనుక ప్రతిబలం సుమారు 177. వికృతి 0.00295. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 60 వేలే వస్తుంది. లెక్కలో తప్పు లేదు. గుణకం 2 లక్షలు రావాలంటే సాగుదల 0.18 మిల్లీమీటర్లకు మించకూడదు. మిగతా రికార్డుల్లో సరిగ్గా అవే అంకెలున్నాయి.

కాని ఆ రోజు కడ్డీకి ఎక్స్‌టెన్సోమీటర్ బిగించలేదు. యంత్రం క్రాస్‌హెడ్ ఎంత కదిలిందో డయల్ గేజీతో చూశారు. ఆ కదలికలో కడ్డీ సాగడంతో పాటు దవడల్లో కడ్డీ జారడం, యంత్రపు చట్రం వంగడం కూడా కలిసి ఉంటాయి. అందువల్ల సాగుదల ఎక్కువగా, గుణకం తక్కువగా కనిపిస్తుంది. ఆ అమరికతో 0.18 చూపడం ఆ యంత్రానికి సాధ్యం కాదు. మిగతావారు జవాబు నుంచి వెనక్కి లెక్కకట్టి పట్టిక నింపారు. నేను కల్పితానికి మార్కులు వేసి, చూసింది చూసినట్టు రాసినవానికి తగ్గించాను. ఆ పొరపాటు సరిదిద్దే అవకాశం నాకు దొరకలేదు.

అయితే ఆ విద్యార్థి రాసింది మంచి నివేదికేనా? నిజాయితీగల నివేదికే కాని, పూర్తి నివేదిక కాదు. అంకె రాసి ఊరుకున్నాడు. దాని కింద ఈ మాటలు చేర్చి ఉంటే నాకు అడ్డుచెప్పే వీలుండేది కాదు: "వచ్చిన విలువ ఆమోదిత విలువలో మూడోవంతు కంటే తక్కువ. సాగుదలను క్రాస్‌హెడ్ వద్ద కొలిచినందువల్ల దవడల జారుడు, చట్రం వంపు ఇందులో కలిశాయి. అందుచేత ఈ గుణకాన్ని కడ్డీ గుణకంగా స్వీకరించరాదు. గరిష్ఠ ప్రతిబలం మాత్రం భారంపైనా, కడ్డీ తొలి వైశాల్యంపైనా ఆధారపడుతుంది కనుక ఈ దోషం దానిని తాకదు."

చివరి వాక్యాన్ని ప్రత్యేకంగా గమనించండి. ఏ ఫలితాన్ని నమ్మవచ్చో, దేనిని నమ్మకూడదో అది విడదీసి చెబుతోంది. రేపు మీరు ఒక నిర్మాణ స్థలంలో పరీక్షా నివేదిక రాస్తే, దాన్ని చదివేవారికి కావలసింది ఈ విభజనే. రావలసిన అంకెను వేసే అలవాటు కళాశాలలో మార్కులు తెస్తుంది. అదే అలవాటు సైటులో నాసిరకం ఉక్కును మంచి ఉక్కుగా దాటించేస్తుంది.

2. అనుకున్నది కనిపించని ప్రయోగం

కాంతి ప్రయాణానికి ఈథర్ అనే మాధ్యమం ఉందని 19వ శతాబ్దపు శాస్త్రజ్ఞులు నమ్మేవారు. భూమి సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుని చుట్టూ తిరుగుతోంది కనుక, ఈథర్‌లో ఆ చలనాన్ని పట్టుకోవచ్చని మైకెల్సన్ భావించాడు. ఒక కాంతిపుంజాన్ని రెండు లంబ దిశల్లోకి చీల్చి తిరిగి కలిపితే వ్యతికరణ పట్టీలు కనిపిస్తాయి. పరికరాన్ని తిప్పినపుడు ఆ పట్టీలు జరగాలి. 1887లో మైకెల్సన్, మోర్లీ అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఈ ప్రయోగం చేసి, అదే ఏడాది నివేదిక ప్రచురించారు. దానిని నివేదికగా చదివితే నాలుగు గుణాలు కనిపిస్తాయి.

మొదటిది, పాత తప్పును దాచకపోవడం. 1881లో మైకెల్సన్ ఒంటరిగా చేసిన ప్రయోగంలో లంబ దిశలోని కాంతి మార్గంపై భూచలన ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అందువల్ల ఆశించిన జరుగుడు రెట్టింపుగా తేలింది. ఆ తప్పును పారిస్‌కు చెందిన పోటియే ఎత్తిచూపాడని నివేదికలోనే రాశారు.

రెండవది, ఇబ్బందిని చెప్పి, ఆ తర్వాతే పరికరాన్ని వర్ణించడం. పాత పరికరాన్ని తిప్పితే వంగేది. నగరంలో తెల్లవారుజామున రెండు గంటలకు కూడా కంపనాల వల్ల పట్టీలు నిలిచేవి కావు. కనుకనే సుమారు ఒకటిన్నర మీటర్ల చదరపు రాతిపలకను పాదరసంపై తేలించారని మనకు అర్థమవుతుంది. మన రికార్డుల్లో "పరికరాలు" వట్టి జాబితా. ఇక్కడ ప్రతి పరికరం ఒక ఇబ్బందికి సమాధానం.

మూడవది, పట్టిక. జులై నెలలో ఏ తేదీన, మధ్యాహ్నమా సాయంత్రమా అన్నది విడివిడిగా ఇచ్చారు. గ్రాఫులో సిద్ధాంతం ఆశించిన వక్రాన్ని ఎనిమిదో వంతుకు తగ్గించి గీశారు. అయినా చూసిన వక్రం దానికంటే చిన్నదే.

నాలుగవది, ఫలితం చెప్పిన తీరు. ఆశించింది ఒక పట్టీ వెడల్పులో 0.4 వంతు జరుగుడు. కనిపించింది అందులో ఇరవయ్యో వంతు కంటే కచ్చితంగా తక్కువ, బహుశా నలభయ్యో వంతు కంటే కూడా తక్కువ అన్నారు. "సున్నా" అనలేదు. తమ పరికరం ఎంతవరకు చెప్పగలదో అంతవరకే చెప్పారు. "కచ్చితంగా", "బహుశా" అనే రెండు మాటలను వేర్వేరు హద్దులకు వాడారు.

ఈ నివేదికకూ లోపం ఉంది. సౌరకుటుంబపు చలనం భూమి చలనాన్ని ఆ కాలంలో రద్దుచేసి ఉండవచ్చన్న సందేహం తీరడానికి, మూడు నెలలకొకసారి ప్రయోగాన్ని మళ్లీ చేస్తామని రాశారు. అలా చేయలేదు. కాని ఆ సందేహాన్ని వారే రాసిపెట్టినందువల్ల, ఏం మిగిలిపోయిందో తర్వాతివారికి తెలిసింది. 1905లో ఐన్‌స్టీన్ ఈథర్ అవసరమే లేదన్నాడు. మైకెల్సన్, మోర్లీ రావలసిన 0.4ను పట్టికలో నింపి ఉంటే, ఈథర్‌కు ఒక తప్పుడు సాక్ష్యం తయారయ్యేది.

3. మీరు చేయవలసింది

రీడింగులను ప్రయోగం జరుగుతుండగానే, పెన్నుతో రాయండి. తప్పు పడితే ఒక గీతతో కొట్టివేయండి, చెరపవద్దు. పరికరపు కనీసపు కొలతను రాసి, ఫలితంలో అంతకు మించిన దశాంశ స్థానాలు ఇవ్వకండి. జాగ్రత్తల కింద పుస్తకంలోవి ఎత్తిరాయకుండా, ఆ రోజు మీరు నిజంగా తీసుకున్నవి రాయండి. ఫలితం ఆమోదిత విలువతో కలవకపోతే ఎంత తేడా వచ్చిందో చెప్పి, కారణాన్ని మీ అమరికలో వెతకండి. "మానవ తప్పిదం" అని రాసి వదిలేయడం కారణం చెప్పడం కాదు. కారణం దొరకకపోతే దొరకలేదనే రాయండి.

పరీక్షకుడు ఒప్పుకోకపోతే ఎలా అని మీరు అడగవచ్చు. ఆ భయం నిరాధారం కాదు, నేనే అలాంటి పరీక్షకుణ్ని. అయితే ఆనాటి విద్యార్థి తన అంకె కింద పై నాలుగు వాక్యాలు రాసి ఉంటే, నేను వాటిని చదవక తప్పేది కాదు. మీ తదుపరి రికార్డులో ఫలితం తర్వాత ఒక అర పేజీ ఖాళీగా ఉంచుకోండి. ఆ వాక్యాలు అక్కడ రాయాలి.