ఆముక్తమాల్యదయందలి విడిదులు

కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణుని సేవించినవారికి ఆముక్తమాల్యద పీఠిక జ్ఞప్తికి రాకపోదు. కళింగదేశముపై దండెత్తి పోవుచు, విజయవాటిఁ గొన్నిదినములు నిలిచి, యిచ్చటికి వచ్చి హరివాసరోపవాస మొనర్చితినని రాయలే చెప్పుకొనినాఁడు. ఆ రాత్రి నాలవజామునఁ గన్న స్వప్నమే గ్రంథమునకుఁ గారణము. 1515లోఁ గొండవీడు పట్టువడుట, 1516 నాఁటి సింహాచలశాసనము మున్నగునవి సుప్రసిద్ధములు. వానిని విడుతము. పరదేశమున బహుజనముతో విడిదులలోఁ గాలము గడపుట యీ కావ్యమున నేమైన జాడ విడిచినదా యన్నది విచారింపఁదగిన విషయము.

విడిచినదనియే నా తలఁపు. విష్ణుచిత్తుని యిల్లు చూడుఁడు. నడురేయి నచ్చటఁ జెవి యొగ్గిన వినవచ్చునవి మూఁడు: హరికథలు, దివ్యప్రబంధపాఠము, కూరలు పెక్కులు లేవు, వేఁడి లేదు, దయతో నారగింపుఁడను గృహస్థుని విన్నపము. ఈ మూఁడవదానిని గవి తెనుఁగుపద్యమున సంస్కృతముననే నిలిపినాఁడు. చమత్కారమని మెచ్చి యూరకుందుము. కాని ద్రవిడదేశపు టూర నానాదేశములవా రొక్క కప్పుక్రిందఁ గూడినపు డందఱకుఁ దెలియు భాష యేది? ఆ మాట తెనుఁగున నున్నచో నతిథు లిరుగుపొరుగువారని తోఁచెడిది. సంస్కృతమగుటచే దూరదేశాగతులని తెలియుచున్నది.

వానకాలపుఁ బద్యములం దిఱుకు మఱింత స్పష్టము. జడివానలో భార్య నారికేళపు బొరియలు రాఁజేసి వండఁగా విష్ణుచిత్తుఁడు వైష్ణవులకుఁ బెట్టును. నాలవ యాశ్వాసమున నిల్లిల్లుఁ దిరిగినఁగాని నిప్పు దొరకదు, దొరకినను రాఁజదు. రెడ్లు మేకయెరువు కుంపటిచెంత మంచమెక్కఁగా, పసులు పొలము పోవ దూడలు వారి మేను నాకుచుండును. మనుజుఁడును దూడయు నొక్కచోటనే! కవి దీనిని హీనముగాఁ జెప్పక దొరతనముగానే చూపినాఁడు. మూఁడుచోట్లను ఆయన చూపు నిప్పుపైనే నిలిచినది. ఇది యలంకారశాస్త్రము నేర్పిన చూపు గాదు. వానలోఁ బెక్కుమందికి వంట జరుగవలసిన చోట నిలిచి చూచినవాని చూపు. దివిసీమవానలు గుడిచినవారికి వేఱుగ వివరింపనక్కఱలేదు.

ఐనను దండయాత్రయే దీనికి మూలమని నిర్ణయింప సాహసింపను. సాక్ష్యమంతవఱకు రాదు. రాయల గుడార మిఱుకైనది గాదు. చూచినాఁడేగాని పడినవాఁడు గాఁడు. పల్లెల నితరసమయములందును జూచియుండవచ్చును.

క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు నోరుఁగల్లు చూడఁబోయినపుడు పూటకూటిల్లు గలదు. రూక యిచ్చినఁ గమ్మనిభోజనము దొరకును. అందు పరదేశి కొనువాఁడు, కావునఁ దనకేమి దొరకునో తానే లెక్కపెట్టును. ఆముక్తమాల్యదయందుఁ బెట్టువాఁడే లెక్కపెట్టుచున్నాఁడు, అదియు లేనివానిని.

నాకుఁ దోఁచు కొఱఁతయు నిచ్చటనే యున్నది. ఈ పద్యములం దతిథులేమి తినిరో తెలియును, ఎక్కడఁ బరుండిరో తెలియదు. రెడ్డికి మంచమున్నది, కుంపటి యున్నది. నడురేయివఱకుఁ బ్రబంధము చదివిన పరదేశికి, అంతమందినడుమ, ఆ తడియింటఁ జాప యెవ్వరు పఱచిరి? గృహస్థుని నోట వచ్చిన క్షమాపణ కూరలతోనే యాఁగిపోయినది.