పేస్ట్ కొడితే ప్రశ్నార్థకాలు

కొత్త విండోస్ ఎక్కించిన వారంలో డీటీపీ షాపుకు వచ్చేవాళ్లందరిదీ ఒకటే మాట. "అన్నా, నిన్నటిదాకా బాగానే ఉండింది. ఇప్పుడు కాపీ అవుతాంది గానీ, పేస్ట్ కొడితే అన్నీ ప్రశ్నార్థకాలే పడతాండాయి." ఒకరు మౌస్ మార్చి చూసి ఉంటారు, ఇంకొకరు కీబోర్డు కొత్తది కొని ఉంటారు. పాత విండోసే మళ్లీ వేయించమని పట్టుబట్టేవాళ్లూ ఉంటారు. కొమరోలులో ఈ పని మీదే బతుకుతున్నవాడిని కాబట్టి నేను వాళ్లను ముందుగా అడిగేది ఒకటే: మ్యాటరు ఎక్కడి నుంచి తీశారు, ఎక్కడ పెడుతున్నారు? ఈ రెండూ తెలిస్తే సగం రోగం తెలిసినట్టే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టు ఆగిపోయింది. అంతకుముందు 2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పీకి, 2020 జనవరిలో విండోస్ 7కు అదే జరిగింది. అలా ఆగిన ప్రతిసారీ గిద్దలూరు, మార్కాపురం, కంభం వైపు షాపుల్లో ఇదే గోల లేస్తుంది. మా దగ్గర శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పట్టుకుపోయే అర్జీలు చాలాకాలం అను ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరులో తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ తెలియదు. తెలుగు డీటీపీ మాత్రం దాని మీదే ఏళ్లకేళ్లు నడిచింది. ఆ పనితనాన్ని నేను తక్కువ చేయను. వేలాది ఇళ్ల పెళ్లిపత్రికలు ముచ్చటగా వచ్చింది దాని వల్లే.

చిక్కు ఎక్కడుందో చూద్దాం. కంప్యూటరు దాచుకునేది అక్షరాన్ని కాదు, దానికి ఇచ్చిన అంకెను. పాత పద్ధతిలో ఒక ఫాంటుకు 256 గళ్లే. అవి కూడా ఇంగ్లిషు అక్షరాల కోసం పెట్టినవి. మనవాళ్లు ఆ గళ్లలో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టును, కొమ్మును, వత్తును సర్దారు. కంప్యూటరు దృష్టిలో అది ఇంగ్లిషే, మన కంటికి మాత్రం తెలుగు. ఆ ఫాంటు ఉన్నంతసేపే ఆ మాయ నిలుస్తుంది. వెనుకటి కరణాల దస్త్రాలు ఇట్లాంటివే. ఆ గుర్తులు, ఆ పొట్టి రాతలు రాసినాయనకే తెలిసేవి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక వాటిని చదవగలిగేవాళ్ల కోసం జనం వెతుక్కోవాల్సి వచ్చింది.

యూనికోడ్ దారి వేరు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు 128 గళ్లు విడిగా కేటాయించారు. అందులో 'క'కు 3093 అని ఒక అంకె ఉంది. ఏ దేశంలో, ఏ కంప్యూటరులో చూసినా అది 'క'యే. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం, లోపల మాత్రం సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం కలిపి ఆరు అంకెల వరుస. వాటిని కూర్చి ఒక్క రూపంగా చూపించే బాధ్యత ఆపరేటింగ్ సిస్టమ్‌ది. ఆ కూర్పు ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. 'జ్ఞా' అనే మన అక్షరం ఒక కంటికి కనపడని గుర్తుతో కలిసి మెసేజీలో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. యాపిల్ కొద్దిరోజుల్లోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఏదో చిన్న భాషలే అన్న ధోరణితో కాక, ఇక్కడి అక్షరాలతో కూడా పరీక్ష పెట్టాలని నాకు ఆనాడే గట్టిగా అనిపించింది.

ఇక కాపీ, పేస్ట్ సంగతి. 1970ల నడుమ అమెరికాలో జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో ల్యారీ టెస్లర్, టిమ్ మాట్ ఈ పద్ధతికి రూపమిచ్చారు. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో కన్నుమూశారు. రాసుకునేవాడి చేతికి ఇంత చక్కటి వెసులుబాటు ఇచ్చిన మనిషిని నేను గౌరవంతో తలుచుకుంటాను. మనం కంట్రోల్ సి కొట్టినప్పుడు ఒక మ్యాటరే పోయి క్లిప్‌బోర్డులో కూర్చుంటుందనుకుంటాం. నిజానికి వర్డ్ లాంటి సాఫ్ట్‌వేరు అదే మ్యాటరును నాలుగైదు రూపాల్లో అక్కడ పెడుతుంది: ఫాంటు పేరుతో సహా ఒకటి, వెబ్ పేజీ తీరులో ఒకటి, ఒట్టి యూనికోడ్ అక్షరాలు ఒకటి, పాతకాలపు 256 గళ్ల రూపం ఒకటి. పేస్ట్ చేసే చోటు తనకు తెలిసిన రూపాన్ని ఎంచుకుంటుంది. వాట్సాప్‌లో వచ్చిన యూనికోడ్ తెలుగును పేజ్‌మేకర్‌లో పెట్టబోతే, అది పాత రూపం అడుగుతుంది. ఆ 256 గళ్లలో మన 'క' లేదు. లేని ప్రతి అక్షరం స్థానంలో విండోస్ ఒక ప్రశ్నార్థకం వేస్తుంది. ఆ ప్రశ్నార్థకాల వెనుక ఏమీ మిగలదు. ఫాంటు ఎన్నిసార్లు మార్చినా తెలుగు రాదు. మళ్లీ మూలం దగ్గరికి పోవాల్సిందే.

తారుమారుగా జరిగితే బతికే దారి ఉంది. అను ఫాంటులో కొట్టిన మ్యాటరును కొత్త విండోస్‌లోని వర్డ్‌లో పెడితే పిచ్చి ఇంగ్లిషు గుర్తులు పడతాయి. అంకెలు చెదరలేదు, ఫాంటు ఒక్కటే లేదు. ఆ మ్యాటరంతా ఎంచి ఫాంటు పేరు పెడితే చాలావరకు తిరిగి వస్తుంది. అయితే ఒక మెలిక ఉంది. అప్‌గ్రేడుతో పాటు ఆఫీసు సాఫ్ట్‌వేరు కూడా కొత్తగా ఎక్కిస్తారు కదా, అందులో ఆటోకరెక్ట్ మొదట్నుంచీ నడుస్తూ ఉంటుంది. పేస్ట్ చేసిన మ్యాటరులో మనం దిద్దుబాట్లు టైపు చేస్తుంటే, అది దాన్ని ఇంగ్లిషే అనుకొని వాక్యం మొదట్లో చిన్నక్షరాన్ని పెద్దక్షరం చేస్తుంది, కోట్ గుర్తులు వంకర చేస్తుంది. అక్షరం మారితే మన వైపు వత్తో గుణింతమో మారిపోతుంది. ఈ దెబ్బ మోసకారిది. మ్యాటరంతా బాగుంటుంది, అక్కడక్కడ ఒక పేరు తప్పుతుంది. ముందుగా ఆటోకరెక్ట్ ఆపి, ఆ తర్వాతే అందులో దిద్దుబాట్లు కొట్టండి.

ఇంకొకటి చాలామందికి తట్టదు. పాత సాఫ్ట్‌వేరు కొత్త విండోస్‌లో మొరాయిస్తే దాన్ని 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అని తెరవమని ఎవరో చెబుతారు. తెరుచుకుంటుంది. కానీ తెలుగు టైపుకు వాడే కీబోర్డు మేనేజరు మామూలు హోదాలో ఉంటే, పై హోదాలో తెరిచిన కిటికీలోకి దాని మాట చెల్లదు. బయటి ఫోల్డరు నుంచి ఫైలు లాగి అందులో వేయడమూ కుదరదు. విస్టా కాలం నుంచి భద్రత కోసం పెట్టిన అడ్డుగోడ అది. రెండింటినీ ఒకే హోదాలో తెరవాలి.

విండోస్ బటన్, వి కలిపి నొక్కితే పాత కాపీలన్నీ కనిపించే సదుపాయం విండోస్ 10లో 2018 చివర వచ్చింది. దాన్ని ఆన్ చేసుకుంటే ఇరవై ఐదు కాపీల దాకా గుర్తుంచుకుంటుంది. రాతపనికి అది మంచిదే. కానీ మాలాంటి షాపుల్లో అందులో ఏముంటాయి? మనల్ని నమ్మి ఇచ్చిన ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఫోన్ నంబర్లు. తర్వాత వచ్చిన మనిషి ఆ రెండు బటన్లూ నొక్కితే అన్నీ కళ్ల ముందుకు వస్తాయి. షాపులో ఆ సదుపాయం ఆపి ఉంచడమే మర్యాద. ఉంచుకోక తప్పనివాళ్లు ఒక్కో కస్టమరు పని అయిపోగానే దాన్ని ఖాళీ చేయాలి. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

నేను అందరికీ చెప్పేది, చేతనైతే బతిమాలేది ఒకటుంది. పాత సిస్టమ్ ఇంకా ఆన్ అవుతున్నప్పుడే అందులోని తెలుగును యూనికోడ్‌లోకి మార్చుకోండి. ఎక్కడో ఉన్నవాళ్లు మన కోసం ఈ పని ఎప్పుడో మొదలుపెట్టారు. పత్రికల వెబ్‌సైట్లు ఒక్కోటి ఒక్కో ఫాంటు వాడుతున్న రోజుల్లో వెన్న నాగార్జున 'పద్మ' తయారుచేసి వాటిని యూనికోడ్‌లో చదివేలా చేశారు. వీవెన్ ఇచ్చిన 'లేఖిని'లో ఇంగ్లిషు అక్షరాలతో కొట్టి, కింద వచ్చిన తెలుగును కాపీ చేసుకొని ఎంతమంది బ్లాగర్లయ్యారో! ఇప్పుడు అను నుంచి మార్చే కన్వర్టర్లు దొరుకుతున్నాయి. అను 6కు, అను 7కు పట్టికలు వేరు, సరైనది ఎంచుకోవాలి. ఎంచుకున్నాక కూడా యంత్రాన్ని పూర్తిగా నమ్మొద్దు. ముక్కలను మళ్లీ అక్షరాలుగా కుట్టే పని కదా, వత్తుల దగ్గర జారుతుంది. అర్జీలో సుబ్బమ్మ పేరుకు ఒక వత్తు పోతే, పాసుపుస్తకంలోని పేరు వేరు, అర్జీలోని పేరు వేరు అంటారు. ఆ పెద్దావిడ మళ్లీ చార్జీలు పెట్టుకొని జిల్లా కేంద్రం దాకా తిరగాలి.

అందుకే మార్చిన ప్రతి ఫైలునూ ఇద్దరం కూర్చుని సరిచూస్తాం. పాత ప్రింటు పట్టుకొని ఒకరు పైకి చదువుతుంటే, ఇంకొకరు స్క్రీన్ మీద అక్షరం వెంట అక్షరం చూస్తారు. పేర్లు, ఊర్లు, సర్వే నంబర్లు ముందు, మిగతా మ్యాటరు తర్వాత. ఇలాంటి పాత ఫైళ్లున్నవాళ్లు పెన్‌డ్రైవ్‌తో పాటు ఆనాటి ప్రింటు ఒకటి వెతికి తెచ్చుకోండి. ఏ ఫాంటులో కొట్టారో మీకు గుర్తులేకపోయినా, అక్షరాల తీరు చూసి పట్టుకోవచ్చు.