ఓడినవాడి చోటు

ఈ వారం మా మేనల్లుడు చూపించిన ఆట ఒకటి నాకు భలే నచ్చింది. పేరు ఫుట్‌సీస్. హైఫైట్ అన్న పేరుతో స్ట్రీట్ ఫైటర్ అభిమానులకు తెలిసిన మనిషి 2018లో తయారుచేశాడు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ముందుకీ వెనక్కీ కదలొచ్చు, దాడికి ఒక్కటే బటన్. ఎగరడం లేదు, లైఫ్ బార్ లేదు. మామూలు దెబ్బ తగిలిన వెంటనే మళ్లీ నొక్కితే పెద్ద దెబ్బ పడి రౌండు అయిపోతుంది. కాచుకోవడం కూడా రౌండుకు మూడుసార్లే.

‘‘ఇందులో నేర్చుకోడానికేముంది మావయ్యా, రెండు నిమిషాల్లో వచ్చేసింది’’ అన్నాడు. ఆ సాయంత్రమంతా వాళ్లక్క చేతిలో ఓడుతూనే ఉన్నాడు.

ఏ విద్యకైనా చేతి సాధనే ప్రాణమన్నది నా పాత పాట. వీణ మీద రాసినా, క్యారమ్స్ మీద రాసినా ఈ శీర్షికలో అదే పాడాను. ఫైటింగ్ గేములకూ అదే సూత్రమని ఇన్నేళ్లూ నమ్మాను. దానికి కారణం మా బెజవాడ వీడియో గేమ్ షాపు. క్యాప్‌కామ్ వాళ్లు 1991లో తెచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 అక్కడికి వచ్చాక మా పేటలో సాయంత్రాలు క్రికెట్ ఆడేవాళ్లే కరువయ్యారు. అందులో ర్యూ అనే పాత్ర చేతుల్లోంచి వెలుగు బంతి రావాలంటే స్టిక్కును కిందికి, అక్కణ్ణుంచి ఏటవాలుగా, ఆపైన ముందుకి ఒకే ఊపులో తిప్పి పంచ్ నొక్కాలి. స్టిక్కు దొరకని వేళ బడిలో బల్ల మీద మణికట్టు తిప్పుతూ కూర్చునేవాళ్లం.

అయినా ఆ షాపులో మమ్మల్నందరినీ ఓడించిన కుర్రాడికి వెలుగు బంతులతో పనే లేదు. ధల్సిమ్‌ను తీసుకునేవాడు. మెడలో పుర్రెల దండ వేసుకున్న మన దేశపు యోగి, నడక నెమ్మది. చేయి చాచితే మాత్రం తెరలో సగందాకా సాగుతుంది. ఆ చాచిన చేతికి కూడా దెబ్బ తగులుతుంది కాబట్టి ఊరికే చాచకూడదు. ఎదుటివాడు జాంగీఫ్ అనే పాత్రను తీసుకుంటే మరీ జాగ్రత్త, దగ్గరికి రానిస్తే పట్టి తలకిందులుగా నేలకేసి కొడతాడు. ఒకడికి దూరం కావాలి, ఇంకొకడికి దగ్గర కావాలి. ఆటంతా ఆ జానెడు జాగా కోసమే. ఆ కుర్రాడు సగంసేపు ఏ బటనూ నొక్కకుండా ముందుకీ వెనక్కీ జరుగుతుండేవాడు. ఎదుటివాడికి ఓపిక నశించి గాల్లోకి ఎగిరేవాడు, అప్పుడు ఒక్కటిచ్చేవాడు.

అతను అందరికంటే ఎక్కువ ఆడాడనుకుంటే పొరపాటు. అతని దగ్గర నాణేలు ఎప్పుడో గాని ఉండేవి కావు. గెలిచినవాడు మెషిన్ దగ్గరే ఉండాలి, ఓడినవాడు వెనక్కి పోయి నిలబడాలి, ఇదీ షాపు పద్ధతి. అతను నాణెం లేకపోయినా రోజూ వచ్చి అందరి వెనకా నిలబడి, ఎవడు ఎప్పుడు ఎగురుతాడో, ఎవడికి ఎప్పుడు కంగారు పుడుతుందో చూసేవాడు.

పెద్ద పోటీల్లోనూ అంతే. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 స్వర్ణం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌వూకి అప్పటికి 44 ఏళ్లు. సాధన చెయ్యకుండా గెలిచాడని కాదు. చేతి చురుకే సర్వస్వమైతే ఆ వయసులో ఆ పతకం దక్కదు.

ఫుట్‌సీస్ చేతికి ఇచ్చే పని ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. మిగిలేదంతా ఎదుటి మనిషి. అందుకే ఈ ఆట విషయంలో నా పాత పాటను వదిలేస్తున్నాను. ఇక్కడ చెయ్యి వెనక, కన్ను ముందు. ఈకాలం పిల్లలకు లేనిది సాధన కాదు, వెనక నిలబడే చోటు. ఓడిన క్షణంలోనే ఫోన్‌లో ‘రీమ్యాచ్’ వచ్చేస్తుంది. ఎందుకు ఓడామో చూసుకునే వ్యవధే దొరకదు.

అమ్మలూ, నాన్నలూ, మీ పిల్లలు ఇలాంటి ఆట ఆడుతుంటే ఫోన్ లాక్కోకండి. వాళ్లను ఒంటరిగా వదిలేయకండి కూడా. ఆడేది ఇద్దరే అయినా ముగ్గుర్ని కూర్చోబెట్టండి. ఓడినవాడు ఒక ఆట చూశాకే మళ్లీ ఆడాలని నియమం పెట్టండి.