తెల్లని అట్టలోని ఏడు పాటలు

హెవీ మెటల్ సంగీతము నభిమానించు యువకులు మెటాలికా బృందపు పాటలను కంఠస్థము చేసియుందురు, ఆ బృందనామమును నల్లచొక్కాలపై ధరించి తిరుగుదురు; కాని ఆ బృందమునకు గురుస్థానమున నిలిచిన డైమండ్ హెడ్ వారి తొలి ఆల్బమును ఆద్యంతము ఆలకించినవారు వారిలో అరుదు. గురువును శిష్యుని ముఖముననే తెలిసికొనుట సంగీతలోకమున సహజమే. ఐనను శిష్యుడు గ్రహించినది మాత్రమే ఆ మార్గమున మనకు చేరునుగాని, అతడు విడిచిపెట్టినది చేరదు. ఆ విడువబడిన భాగము కొఱకే మూలమును వినవలెనని నా దృఢవిశ్వాసము.

హెవీ మెటల్ సంప్రదాయమున నాదముచే భయమును పుట్టించు విద్య యొకటి కలదు. 1970లో బర్మింగ్‌హామ్ నగరపు బ్లాక్ సబ్బత్ బృందము తన పేరిటి పాటలో షడ్జమును, తారషడ్జమును పలికించి, పిదప ప్రతిమధ్యమముపై నిలిచినది. మన కల్యాణికి వెలుగునిచ్చు ఆ స్వరమే, పంచమపు ఊరట లేక ఒంటిగా సాగదీయబడినప్పుడు, వినువాని గుండెను వణికించును. ఇక గిటారు ధ్వనిని విద్యుత్తుచే బరకపఱచినప్పుడు గాంధారము చేరిన స్వరసముదాయము కలగాపులగమగును గనుక, వాదకులు దానిని త్యజించి షడ్జపంచమములనే జతగా మీటుదురు. కుడి అరచేతి అంచును తీగల మొదట ఆనించి మీటినచో ఆ జంటనాదము మ్రోగకుండ తుంపబడి, మృదంగపు తొప్పిపై దెబ్బవలె మొద్దుగా పలుకును. ఈ బాణీకి గల బరువులో అధికభాగము ఈ రెండు యుక్తులలోనే యున్నది.

బర్మింగ్‌హామునకు చేరువనున్న స్టవర్‌బ్రిడ్జి పట్టణపు డైమండ్ హెడ్ బృందములోని నలుగురు యువకులు 1980లో 'లైట్నింగ్ టు ద నేషన్స్' అను ఆల్బమును తామే వేయి ప్రతులుగా ముద్రించి, పేరైనను లేని తెల్లని అట్టలో విడుదల చేసిరి. అందు పాటలు ఏడు. వానిలో 'యామ్ ఐ ఈవిల్' అనునది ఏడు నిమిషములకు మించిన రచన. స్వరకర్త హోల్స్ట్ మహాశయుని గ్రహమాలికలోని అంగారకఖండము ననుసరించిన సైనికపదఘట్టనతో అది ఆరంభమగును. పిమ్మట బ్రయన్ ట్యాట్లర్ గిటారు ఒంటిగా వడివడిగా పరుగిడును. అటుపై ఊగుచు నడచు ప్రధానస్వరగుచ్ఛము వచ్చును. నడుమ హఠాత్తుగా కాలము ద్విగుణమగును. ఒక పాటలో ఇన్ని గతులను అతుకు కనబడకుండ కూర్చుట ఇరువదియేండ్ల ప్రాయపు కుఱ్ఱవాండ్రకు సామాన్యమైన పనికాదు.

1981 వేసవిలో లార్స్ ఉల్రిచ్ అను డేనిష్ బాలుడు అమెరికానుండి వీరి కచేరీకై ఇంగ్లండునకు వచ్చి, ట్యాట్లర్ ఇంటనే కొన్నాళ్లు బసచేసెను. ఆ యేడే అతడు మెటాలికాను నెలకొల్పెను. మఱుసటి యేడు మార్చిలో ఆ బృందము చేసిన తొలి కచేరీలోని తొమ్మిది పాటలలో నాలుగు డైమండ్ హెడ్ వారివే! 2010లో సోఫియా నగరమున మెటాలికా, స్లేయర్, మెగాడెత్, ఆంథ్రాక్స్ బృందముల వాదకులు ఒకే వేదికపై కలిసి వాయించిన పాటయు 'యామ్ ఐ ఈవిల్' యే.

శిష్యులు వేగమును, బిగువును, తీగలను ఎడతెగక క్రిందివైపునకే మీటు పద్ధతిని గైకొనిరి. వదలినది డైమండ్ హెడ్ గాయకుడు షాన్ హారిస్ కంఠము. అతడు గర్జింపడు, ఎత్తైన స్థాయిలో వేడుకొనుచున్నట్లు పాడును, పాదాంతమున స్వరమును జారవిడుచును, లయకు రవంత వెనుకగా నడచును. కఠినమైన వాద్యముపై ఆ మార్దవము నిలుచుటలో గల సౌందర్యము తరువాతి తరములో నాకు అంతగా కనబడలేదు.

స్విట్జర్లండునకు చెందిన సెల్టిక్ ఫ్రాస్ట్ వారి 1985 నాటి 'టు మెగా థెరియన్' ఆల్బమునకును, ఎఱిగినవారుండియు ఆద్యంతము విన్నవారు అరుదగు గతియే పట్టినది. దాని అట్టపై చిత్రకారుడు గీగర్ గీసిన చిత్రమును ఎఱుగనివారు తక్కువ. కొమ్మువాద్యముతో, టింపనీ మ్రోతతో మొదలగు దాని ప్రారంభమును శ్రద్ధగా విన్నవారు మాత్రము కొలదిమందియే.

డైమండ్ హెడ్ వారిని క్రొత్తగా వినగోరువారు మెటాలికా పాడిన పాటలతో ఆరంభింపక, ఆ బృందము తన ఆల్బములలో ఎన్నడును చేర్చుకొనని 'లైట్నింగ్ టు ద నేషన్స్' అను శీర్షికాగీతముతోనే మొదలిడుదురు గాక. ఇతరుల గొంతు చెవిలో అడ్డుపడదు గనుక, హారిస్ కంఠము అచ్చట తన సొంతరూపముననే వినబడును.